పాలమూరు, నల్లగొండ నీళ్ళ మీద బోటింగ్ పెట్టాలనుకుంటే ముందు ఏం చూసుకోవాలి

వానలు బాగా పడిన ఏడు మా వైపు ప్రతి మండలంలో ఒకరికైనా బోటింగ్ ఆలోచన వస్తుంది. అలుగు పారుతుంటే చూడ్డానికి వచ్చిన జనం, మహబూబ్‌నగర్ పెద్ద చెరువు కట్ట మీద ఆదివారం సందడి, ఫోన్‌లో కృష్ణ ఒడ్డున ఉన్న మన సోమశిల రీల్స్, ఇవన్నీ చూశాక "మనం కూడా నాలుగు బోట్లు వేస్తే ఎట్లుంటది?" అన్న మాట రాక మానదు. ఆ మాట పుట్టిన సాయంత్రమే ఎవరో ఒకరు బోటు రేటు వెతకడం మొదలుపెడతారు. రేటు ఆఖర్న చూడొచ్చు. నీళ్ళు ఎన్ని నెలలు నిలుస్తాయి, ఆ నెలల్లో వచ్చేది ఎవరు, వాళ్ళ దగ్గర డబ్బెంత, టైమెంత అన్నది ముందు తేల్చుకోండి. ఇది తేలకుండా బోటు కొన్నవాళ్ళ బోట్లు చాలా చోట్ల కట్ట పక్కన బోర్లా పడి, మీద గడ్డి మొలిచి కనిపిస్తాయి.

ఈ రాత చేపల సంఘాలకు, మహిళా సంఘాలకు, ఊళ్ళో ఏదైనా చేద్దామనుకునే కుర్రాళ్ళకు, రోడ్డు పక్కన చిన్న రిసార్ట్ వేసుకున్నవాళ్ళకు. సొంతానికి ఒక కయాక్ (తెడ్డుతో నడిపే సన్న పడవ) కొనుక్కుని సెలవు రోజు తిరగాలనుకునేవాళ్ళకు కూడా కొంత పనికొస్తుంది.

ఒక క్యాలెండర్, రెండు పెన్నులు

గోడ క్యాలెండర్ ఒకటి తీసుకుని నీళ్ళు నిండుగా ఉండే నెలలకు నీలం గీత, సెలవులకూ పండగలకూ జాతరలకూ ఎర్ర గీత పెట్టండి. రెండూ కలిసిన చోట మీ వ్యాపారం ఉంటుంది. మన దగ్గర అవి సరిగ్గా కలవవు, అదే అసలు చిక్కు.

కృష్ణకు వరద జూలై ఆఖర్లోనో ఆగస్టులోనో వస్తుంది, అక్టోబర్ దాకా ఉంటుంది. ఎత్తిపోతల రిజర్వాయర్లు, వాటి కింద చెరువులు నిండేదీ అప్పుడే. సంక్రాంతి దాకా నీళ్ళు కళకళలాడతాయి. యాసంగికి తూములు తెరిచాక ఒడ్డు వెనక్కి పోతూ పోతూ మార్చికల్లా బురద తేలుతుంది. పిల్లలకు సెలవులు ఇచ్చేదేమో ఏప్రిల్ ఆఖర్లో. అంటే జనం ఖాళీగా ఉన్నప్పుడు నీళ్ళుండవు, నీళ్ళున్నప్పుడు ఆదివారం తప్ప జనం దొరకరు. ఎండాకాలం సెలవుల మీద ఆశ పెట్టుకుని అప్పు తెచ్చారంటే మొదటి ఏడే ఇరుక్కుంటారు.

మరి రెండు గీతలూ కలిసేది ఎప్పుడు? బతుకమ్మ, దసరా సెలవులు. ఆ వెంటనే కార్తీకం, కురుమూర్తి జాతర (కోయిల్‌సాగర్ దగ్గర ఏదైనా పెట్టాలనుకునేవాళ్ళు ఈ జాతర రోజులు వదులుకోవద్దు). క్రిస్మస్, కొత్త సంవత్సరం. సంక్రాంతికి సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతర, పక్కనే రిజర్వాయర్. ముంబైలో, పుణెలో పనిచేసే మన పాలమూరు వాళ్ళు ఊరికి వచ్చేది కూడా ఈ పండగలకే, చేతిలో నాలుగు డబ్బులుండేది కూడా అప్పుడే. సెప్టెంబర్‌లో మాత్రం జాగ్రత్త, వినాయక నిమజ్జనం అయ్యే చెరువులో ఆ పది రోజులూ బోటు తిప్పే ఆలోచన పెట్టుకోకండి. తర్వాత కూడా విగ్రహాల ఇనుప చువ్వలు, కర్రలు అడుగున ఉంటాయి. ప్లాస్టిక్ బోటు అడుక్కి ఒక్క చువ్వ గుచ్చుకుంటే చాలు.

ఇక కరువు ఏడు. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. 2023లో వరద సరిగ్గా రాక అది నిండలేదు. 2024 ఆగస్టులో గేట్లెత్తారు, ఆ నవంబర్‌లో సాగర్ నుంచి శ్రీశైలానికి టూరిజం లాంచీ ట్రిప్పులు మళ్ళీ మొదలయ్యాయి. సర్కారు వాళ్ళ లాంచీకైతే జీతాలు వేరే చోట నుంచి వస్తాయి, మీ బోటుకు రావు. అందుకని అయిదేళ్ళలో ఒక ఏడు అసలు నడవదు అనుకునే లెక్క వేయండి. నీళ్ళున్న ఏడు కూడా నమ్మకం లేదు. కొత్తకోట దగ్గర సరళాసాగర్, నిండగానే నీళ్ళు వాటంతటవే వదిలే ఆటోమేటిక్ సైఫన్లకు పేరుపడ్డ ప్రాజెక్టు, 2019 డిసెంబర్ 31న కట్ట తెగి నీళ్ళన్నీ ఒక్క పూటలో వెళ్ళిపోయాయి.

ఈ క్యాలెండర్‌కు రెండు మినహాయింపులు చెప్పుకోవాలి. ఒకటి నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం. అది తాగునీటి కోసం కృష్ణా నీళ్ళతో నింపే రిజర్వాయర్, అందుకే మామూలు చెరువులా మార్చికి ఎండిపోదు. కూతవేటు దూరంలో ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం ఉన్నాయి, గుడి చూసి బోటెక్కి సాయంత్రానికి ఇంటికి చేరొచ్చు. రెండోది సోమశిల. అక్కడ నీళ్ళు తగ్గితే వ్యాపారం ఆగిపోదు, మారుతుంది. శ్రీశైలం బ్యాక్‌వాటర్ తగ్గేకొద్దీ అవతలి వైపు సంగమేశ్వరాలయం నీళ్ళలోంచి బయటపడుతుంది, అది చూడ్డానికి ఎండల్లోనే జనం పడవలెక్కి పోతారు. మీ దగ్గర కూడా ఇలాంటిదేదైనా ఉందేమో చూడండి. నీళ్ళు తగ్గినప్పుడు బయటపడే పాత గుడి, కోట గోడ, పక్షులు దిగే దిబ్బ, ఏదైనా సరే.

వచ్చేది ఎవరు?

బోటింగ్ అనగానే ధనవంతులు గుర్తొచ్చే కాలం మన దగ్గర రానే లేదు. సొంత పడవ ఉన్నవాడు మన దగ్గర చేపలు పట్టేవాడే. సరదాకు పడవెక్కేది అరగంట టికెట్ కొనుక్కునే మామూలు కుటుంబం. ఆ కుటుంబం ఈ పదేళ్ళలో మారింది, అది ఎలా మారిందో చూస్తే మీరు ఏ బోటు కొనాలో సగం తెలిసిపోతుంది.

మొదట హైదరాబాద్ కార్లు. తలసరి ఆదాయంలో రాష్ట్రంలోనే ముందున్న రంగారెడ్డి జిల్లా మన పక్కనే ఉంది. హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్, నల్లగొండ దాదాపు వంద కిలోమీటర్లు, సాగర్ నూట యాభై, సోమశిల ఇంకొంచెం ఎక్కువ. అంటే పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరాలనుకునే దూరం. వీళ్ళకు డబ్బు సమస్య కాదు, టైమ్ సమస్య. గంట లైన్లో నిలబెడితే తిరిగి వెళ్ళిపోతారు, వెళ్ళి రివ్యూ కూడా రాస్తారు. ముందే ఫోన్‌లో స్లాట్ బుక్ చేసుకోనిస్తే రెండింతలు ఇవ్వడానికి కూడా వెనకాడరు. శుభ్రమైన టాయిలెట్ లేకపోతే మాత్రం ఆడవాళ్ళు కారు దిగరు. బోటు కన్నా ముందు టాయిలెట్ కట్టండి అని ఎవరికి చెప్పినా నవ్వుతారు, కానీ నేనైతే ఇదే చెబుతాను.

రెండో గుంపు గురించి ఎవరూ మాట్లాడరు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద రాష్ట్రంలోని ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. అంతకుముందు గుడికో ఆస్పత్రికో తప్ప ఊరు దాటనివాళ్ళు ఇప్పుడు పది మంది కలిసి, సంఘం మీటింగ్ అయిపోయాక మాట అనుకుని, మంగళవారమో గురువారమో బయల్దేరుతున్నారు. మీ బోట్లు ఖాళీగా ఉండే రోజులు కూడా అవే. వీళ్ళకు బస్సు డబ్బులు మిగిలాయి కాబట్టి బోటుకు తలా ముప్పయి నలభై పెడతారు, రెండొందలంటే పెట్టరు. పెడల్ బోటులో జంటగా కూర్చోవడం వీళ్ళకు ఇష్టముండదు, పదిమందీ ఒకే పడవలో కూర్చుని మాట్లాడుకుంటూ పోవాలి. అందుకే వీలైతే రెండు పెడల్ బోట్లు తగ్గించుకుని పైన నీడ ఉన్న పది సీట్ల బోటు ఒకటి వేయండి. బస్టాండ్ నుంచి కట్ట దాకా ఆటో వాళ్ళతో ముందే మాట్లాడి రేటు ఖాయం చేయండి. చివరి బస్సు టైమ్ జెట్టీ దగ్గర పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

మూడోది పెళ్ళికి ముందు ఫోటోలు. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మంచి వెలుతురు ఉంటుంది, మామూలు జనం అప్పుడు రారు. ఒక్క జంట రెండు గంటలకు ఇచ్చేది మీకు మామూలు రోజు మొత్తంలో వచ్చేదానికన్నా ఎక్కువే ఉండొచ్చు. పెళ్ళికూతురు బరువైన లెహంగా మీద లైఫ్ జాకెట్ వేసుకోనంటుంది, ఫోటోగ్రాఫర్ కూడా వద్దంటాడు. అక్కడ మెత్తబడకండి. జాకెట్ లేని ఫోటో కావాలంటే పడవ మోకాటి లోతు నీళ్ళలో ఉన్నప్పుడే, ఒడ్డు పక్కనే.

ఇంకో మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా పెద్దది. ఇప్పుడు ఇంటికి ఒకరో ఇద్దరో పిల్లలు. బోటెక్కాలా వద్దా అని తేల్చేది నాన్న కాదు, అమ్మ. ఆమె ముందు చూసేది బోటు రంగు కాదు, మీ జాకెట్లు ఎంత మాసిపోయాయన్నది.

కొనడమా, పంచుకోవడమా

అమెరికాలో కరోనా ఏడు 2020లో కొత్త మోటారు బోట్లు 3 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి, అంతకుముందు పన్నెండేళ్ళలో ఏ ఒక్క ఏడూ అన్ని పోలేదు. ఇంట్లో కూర్చుని విసిగిపోయినవాళ్ళు నీళ్ళ మీద పడ్డారు. ఆ తర్వాత వడ్డీ రేట్లు పెరిగాయి, ధరలు పెరిగాయి, అమ్మకాలు పడిపోయాయి. ఇక్కడ మనం నేర్చుకోవాల్సింది ఒకటే, కొత్తలో వచ్చే జనాన్ని చూసి రెండో బోటుకు అప్పు చేయొద్దు. రెండో ఏడు కూడా వచ్చినవాళ్ళే మీ జనం.

అదే దేశంలో ఇంకో పద్ధతి బాగా నిలబడింది. ఫ్రీడమ్ బోట్ క్లబ్ అని 1989లో ఫ్లోరిడాలో మొదలైంది, బోటు కొనక్కర్లేదు, సభ్యత్వం కట్టి కావాల్సినప్పుడు వాడుకోవచ్చు. 2019లో బ్రన్స్‌విక్ అనే పెద్ద బోట్ల కంపెనీ దాన్ని కొనేసింది. బోట్లు అమ్ముకునే కంపెనీయే పంచుకునే క్లబ్బును కొన్నదంటే గాలి ఎటు వీస్తోందో అర్థం చేసుకోవచ్చు.

మన దగ్గర దీనికి ఇంకో కారణం కూడా తోడైంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారినప్పుడు సరదాకు, ఆటలకు వాడే బోట్ల మీద పన్ను 40 శాతానికి ఎక్కింది. తెడ్డుతో నడిపే పడవలు, కయాక్‌లాంటివి కూడా అందులోనే వస్తాయి, యాట్ (విలాస పడవ) కొనే కోటీశ్వరుడూ తెడ్డు బోటు కొనే సంఘమూ ఒకే గాటన కట్టేశారు. చేపల పడవకేమో 5 శాతమే. ఇది చూసి "చేపల పడవ పేరు మీద కొని సీట్లు బిగిద్దాం" అనే తెలివి ఎవరైనా చెబితే వినకండి, ఎందుకో కింద చెబుతాను.

కాబట్టి మొదటి సీజన్ కొనకుండా నడపడానికి చూడండి. బోట్లున్నవాళ్ళతో నాలుగు నెలలకు అద్దె మాట్లాడొచ్చు, లేదా వచ్చినదాంట్లో వాటాకు పెట్టించొచ్చు. పక్క మండలాల్లో రెండు మూడు సంఘాలు కలిసి ఒక సెట్ కొనుక్కుని, ఎవరి చెరువులో నీళ్ళుంటే అటు మార్చుకోవచ్చు. పెడల్ బోటు డీసీఎంలో పడుతుంది, ఎక్కించడానికి నలుగురు మనుషులు చాలు. కోయిల్‌సాగర్ తగ్గిపోయినప్పుడు నీళ్ళున్న ఇంకో చోటుకు తీసుకెళ్ళడం కష్టమేమీ కాదు. జెట్టీ కూడా సిమెంటుతో కట్టొద్దు. నీళ్ళు పది అడుగులు దిగిపోతే సిమెంటు జెట్టీ గాలిలో వేలాడుతుంది. డ్రమ్ముల మీద తేలే జెట్టీ అయితే నీళ్ళతోపాటే దిగుతుంది.

ఇంజనా, బ్యాటరీనా

నా మట్టుకు నేను చెరువుల్లో, చిన్న రిజర్వాయర్లలో పెట్రోల్ ఇంజన్ వద్దంటాను. ఉదయసముద్రం లాంటివి జనం తాగే నీళ్ళు, అందులో ఆయిల్ తెట్టు కనిపించిన రోజే మీ అనుమతి పోతుంది, పోవాలి కూడా. చప్పుడుకు పక్షులు లేచిపోతాయి, రీల్స్‌లో మాట వినపడదు. అరగంట చుట్టూ తిప్పి తెచ్చే పనికి బ్యాటరీ మోటారు సరిపోతుంది. రాత్రి చార్జింగ్ పెట్టుకుంటే సాయంత్రం ట్రిప్పులన్నీ వెళ్ళిపోతాయి. నీడ కోసం ఎలాగూ పైకప్పు వేస్తారు, దాని మీదే సోలార్ పలకలు పెట్టుకోవచ్చు. ఇదేం కొత్త ప్రయోగం కాదు, కేరళలో వైక్కం దగ్గర 75 మంది పట్టే ఆదిత్య అనే సోలార్ పడవ 2017 నుంచి రోజూ జనాన్ని దాటిస్తోంది.

సాగర్, సోమశిల లాంటి పెద్ద నీళ్ళ సంగతి వేరు. అక్కడ మధ్యాహ్నం తర్వాత గాలి లేస్తే అలలు చిన్నవేం కావు, పెడల్ బోటు లోపలికి పంపడమే తప్పు. అక్కడ ఇంజన్ లాంచీ, అనుభవమున్న సరంగు ఉండాలి. సొంత కయాక్ తెచ్చుకునేవాళ్ళు కూడా పొద్దునే వెళ్ళి పదిలోపు ఒడ్డుకు వచ్చేయండి, గాలి ఒడ్డు నుంచి లోపలికి వీస్తుంటే అసలు దిగకండి. వెళ్ళడం హాయిగా ఉంటుంది, తిరిగి రావడమే గగనం.

ఇక్కడ మాత్రం పిసినారితనం పనికిరాదు

2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగింది. 2023 మే 7న కేరళలో తానూర్, 22 మంది పోయారు. 2024 జనవరి 18న వడోదర హర్ణి చెరువులో 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. మన కృష్ణలో జరిగిన మంచాలకట్ట పడవ ప్రమాదం ఆ ఊళ్ళలో ఇంకా ఎవరూ మరచిపోలేదు. చేపల పడవ కొని సీట్లు బిగించొద్దని పైన ఎందుకన్నానో తానూర్ పడవే జవాబు, అక్కడ చేపల పడవను రెండంతస్తుల టూరిస్టు పడవగా మార్చారు, పట్టేదానికన్నా ఎక్కువ మందిని ఎక్కించారు, పొద్దుగూకాక తిప్పారు. చేపల పడవ బరువు అడుగున ఉండేలా కడతారు. పైన మనుషులను నిలబెడితే అది వేరే పడవ అయిపోతుంది. హర్ణిలో పిల్లల్లో చాలామందికి జాకెట్లు లేవు. అది నది కాదు, సముద్రం కాదు, ఊరి చెరువు. "మన చెరువు లోతెంతని" అనేవాళ్ళకు ఈ ఒక్క మాట చెప్పండి.

జాకెట్ ఎలా చూడాలో చెబుతాను, అయిదు నిమిషాల పని. మనిషికి వేసి బెల్టులన్నీ బిగించండి. ఇద్దరు చెరో పక్క నిలబడి భుజాల దగ్గర పట్టుకుని గట్టిగా పైకి లాగండి. గడ్డం దాటి చెవుల దాకా లేచిందంటే ఆ సైజు ఆ మనిషికి పనికిరాదు, నీళ్ళలో పడగానే జాకెట్ పైకి, మనిషి కిందికి. పిల్లల జాకెట్‌కు కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండి తీరాలి. పెద్దవాళ్ళది పిల్లలకు చుట్టబెట్టడం జాకెట్ లేకపోవడం లాంటిదే. సైజులు మూడు రకాలుగా కొని, ఒక్కో సైజుకు ఒక్కో రంగు గుడ్డ కట్టుకుంటే ఆదివారం రద్దీలో వెతుక్కోనక్కర్లేదు. లోపలి ఫోమ్‌ను వేలితో నొక్కండి, గుంట పడి అలాగే ఉండిపోతే దాని పని అయిపోయింది. ఎండాకాలం షెడ్డులో కుప్పగా పడేస్తే ఎలుకలు కొరుకుతాయి, దండెం మీద నీడలో వేలాడదీయండి. రోజూ ఉతకలేకపోయినా వారానికోసారి సబ్బు నీళ్ళలో ముంచి ఆరేయండి, చెమట కంపు కొట్టే జాకెట్‌ను ఎవరూ బెల్టు బిగించి వేసుకోరు, భుజాన తగిలించుకుంటారు.

రెండో పరీక్ష బోటుకు. పది సీట్ల బోటంటే మనిషికి 75 కిలోల చొప్పున 750 కిలోలు. యూరియా సంచుల్లో ఇసుక నింపి తూకం వేసి అంత బరువు ఎక్కించండి, ఒడ్డు పక్కనే, లోతులేని చోట. తర్వాత సంచులన్నీ ఒకే పక్కకు జరపండి. ఎందుకంటే కొంగల గుంపు లేచినా, సెల్ఫీ తీసుకున్నా జనం చేసేది అదే, అందరూ ఒకే పక్కకు వస్తారు. అప్పుడు ఆ పక్క అంచుకూ నీళ్ళకూ మధ్య జానెడు కూడా లేకపోతే అది పది సీట్ల బోటు కాదు, అమ్మినవాడు ఏం చెప్పినా సరే. ఏడుగురో ఆరుగురో ఎంత వస్తే అంతే రాయించి, బోటు పక్కన పెద్ద అంకె వేయండి. ఈ పరీక్ష ప్రభుత్వ సర్వేకు బదులు కాదు, కొనే ముందు మీ కోసం మీరు చేసుకునేది.

పొద్దుగూకే అరగంట ముందు ఆఖరి బోటు ఒడ్డుకు రావాలి. ఎవరు ఫోన్ చేయించినా సరే.

కాగితాలు, అంతకన్నా ముందు చేపల సంఘం

ఇంజన్‌తోనో మోటారుతోనో నడిచే ఏ పడవకైనా 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం వర్తిస్తుంది, 1917 నాటి పాత చట్టం పోయి ఇది వచ్చింది. సర్వే, రిజిస్ట్రేషన్, నడిపేవాడికి సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ ఉండాలి. నీళ్ళు నీటిపారుదల శాఖవి, ఒడ్డు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు చేరే హద్దులో) ఉంటే అక్కడ గది కట్టడానికి వీల్లేదు, కట్ట మున్సిపాలిటీదో పంచాయతీదో అయితే టెండరు వాళ్ళు పిలవాలి. నల్లమల వైపు అయితే ఒడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి వస్తుంది, అటవీ శాఖ మాట లేకుండా కాలు దింపకండి. కృష్ణలో అవతలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్, అటు జనాన్ని దింపాలంటే అది ఇంకో తతంగం. ఇవన్నీ ఒక్కొక్కటే తిరగడం విసుగే, అయినా ఇన్సూరెన్స్ కంపెనీ మొదట అడిగేది ఈ కాగితాలే.

ఆఫీసుల చుట్టూ తిరిగే ముందు చేపల సంఘం దగ్గరికి వెళ్ళండి. చెరువు మీద చేపల హక్కు వాళ్ళది, మీరు వచ్చి మోటారు ఫ్యాన్ తిప్పితే వాళ్ళ వల తెగుతుంది. సాయంత్రం వేసిన వల తెల్లారి తీస్తారు, కాబట్టి మామూలు బోట్లు తొమ్మిది తర్వాతే మొదలుపెట్టండి, పొద్దునే ఫోటోల వాళ్ళు వస్తే ఏ మూలకు పోవాలో వాళ్ళనే అడగండి. "తాతా, చెరువులో సర్కారు తుమ్మ ఎక్కడుంది, పాత బావి ఎక్కడుంది" అని ఒక పెద్దాయనను తెప్ప మీద వెంటబెట్టుకుని తిరిగితే ఏ సర్వే మ్యాపులోనూ దొరకని సంగతులు తెలుస్తాయి. నీళ్ళ కింద ముళ్ళకంప ఉన్న చోట వెదురు పాతి ఎర్ర గుడ్డ కట్టండి. బోటు నడపడానికి, ఒడ్డున కాపలాకు సంఘం కుర్రాళ్ళనే పెట్టుకోండి. ఈత వాళ్ళకు చిన్నప్పటి నుంచే వచ్చు, మునిగేవాణ్ణి తీసే శిక్షణ మాత్రం విడిగా ఇప్పించాలి, రెండూ ఒకటి కావు. టికెట్‌లో వాటా ఇస్తే వాళ్ళే మీ బోట్లకు కాపలా.

ఇప్పుడు డబ్బు లెక్క

ఉదాహరణకు నాలుగు పెడల్ బోట్లు, ట్రిప్పు ఇరవై నిమిషాలు, మనిషికి 50 రూపాయలు అనుకుందాం. ఎక్కించడం దించడం కలిపితే గంటకు రెండు ట్రిప్పులే అవుతాయి. శీతాకాలం ఆదివారం మూడున్నర నుంచి అయిదున్నర దాకానే అసలు గిరాకీ. నాలుగు బోట్లు, నాలుగేసి ట్రిప్పులు, బోటుకు సగటున ముగ్గురు, 48 మంది, 2,400 రూపాయలు. పొద్దున ఇంకో 600 వస్తే 3,000. శనివారం సగం, మిగతా రోజులు అయిదొందలు. వారానికి 7,000, నెలకు దాదాపు 30,000. ఇద్దరు మనుషులకు పన్నెండేసి వేలు ఇస్తే మిగిలేది ఆరు వేలు, అందులో రిపేర్లు, ఇన్సూరెన్స్, టెండరు డబ్బు. కట్ట మీద వెయ్యి మంది నిలబడి ఉన్నా మీ బోటెక్కగలిగేది ఆ 48 మందే, ఇది చాలామందికి తట్టదు. జనాన్ని చూసి లెక్క వేయకండి, ట్రిప్పులు చూసి వేయండి.

ఇందులోంచి బయటపడే దారులు ఏమిటంటే, మామూలు రోజులు నింపడం (పైన చెప్పిన మహిళా బృందాలు, బడి పిల్లలు), పొద్దున ఫోటోల బుకింగ్, ఒడ్డు మీద సర్వపిండి, మిర్చి బజ్జీ, చేపల వేపుడు. ఒడ్డు మీద తిండి మహిళా సంఘానికి ఇవ్వండి. నిజం చెప్పాలంటే చాలా చోట్ల బోటు జనాన్ని పిలుస్తుంది, చేపల వేపుడు డబ్బు తెస్తుంది.

సోమశిల మీద కన్నేసినవాళ్ళకు

అక్కడికి డబ్బు వస్తున్న మాట నిజమే. 2015–16లో కేంద్రం టూరిజం పథకం స్వదేశ్ దర్శన్ కింద మహబూబ్‌నగర్ ఎకో సర్క్యూట్‌కు 91.62 కోట్లు మంజూరైనప్పుడు సోమశిల అందులో ఉంది. 2024లో కేంద్రం సోమశిల వెల్‌నెస్ కేంద్రానికి 68.10 కోట్లు ఆమోదించింది. సోమశిల–సిద్ధేశ్వరం తీగల వంతెనకు 2022లో వెయ్యి కోట్లకు పైగా ఒప్పుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వం 2025–30కి టూరిజం పాలసీ కూడా తెచ్చింది.

వంతెన వస్తే ఇప్పుడు పడవ మీద అవతలికి దాటేవాళ్ళు కారులోనే వెళ్ళిపోతారు. దాటించే పడవ మీద బతికేవాళ్ళకు అది దెబ్బ, వంతెన చూడ్డానికి నీళ్ళ మీదకు వెళ్ళేవాళ్ళకు మాత్రం కొత్త గిరాకీ. మీరు పెట్టేది రెండో రకమై ఉండాలి. ఘాట్ దగ్గర స్థలానికి ఇప్పుడే పెద్ద అడ్వాన్స్ కట్టకండి, రోడ్డు ఎటు నుంచి వచ్చి కలుస్తుందో నేల మీద కనిపించాక కట్టండి. ఈలోపు ఏడాదికి తిరగేసుకునే అద్దె కాగితం రాయించుకుని, నీళ్ళు లేని నెలలకు అద్దె ఉండదని అందులోనే స్పష్టంగా రాయించండి. యజమాని మొదట ఒప్పుకోడు. పోయిన ఏప్రిల్‌లో ఆ ఘాట్ ఎంత ఖాళీగా ఉందో ఫోన్‌లో ఫోటో చూపించండి, ఒప్పుకుంటాడు.